పాత కప్పుల కింద రాజధాని

2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్ గిరాకీ 8,656 మెగావాట్లను తాకి, నగర చరిత్రలో అంతవరకు ఎన్నడూ లేని స్థాయికి చేరింది. ఎండా చలీ రెండూ అంతగా బాధించని ఫిబ్రవరి చివరి వారాల్లో నగరం వాడుకునే విద్యుత్తుకూ, జూన్‌లో వాడుకునేదానికీ మధ్య ఉన్న తేడాలో అత్యధిక భాగం ఇళ్లనూ కార్యాలయాలనూ చల్లబరచడానికి ఖర్చవుతున్నదే. కార్యాలయాలు మూతపడి వీధులు సద్దుమణిగాక, అర్ధరాత్రికి అటూఇటుగా ఈ గిరాకీ మరోసారి పైకి లేవడం ఢిల్లీ వేసవికి అలవాటైపోయింది. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు కప్పులు, ఇటుక గోడలు ఆ వేడిని పడకగదుల్లోకి వదిలేది అప్పుడే. బదర్పూర్ థర్మల్ కేంద్రం 2018 అక్టోబరులో శాశ్వతంగా మూతపడ్డాక, నగరం తన అవసరంలో అధిక భాగాన్ని దూరప్రాంతాల కేంద్రాల నుంచే తెచ్చుకుంటోంది. గిరాకీ పెరిగిన ప్రతిసారీ కొనుగోలు ఒప్పందాలకూ సబ్‌స్టేషన్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ ప్రణాళికలు సిద్ధమవుతాయి. ఆ గిరాకీకి పుట్టినిల్లయిన పాత భవనాలను బాగుచేయడానికి మాత్రం గడువు, నిధులు, బాధ్యులు స్పష్టంగా ఉన్న ప్రభుత్వ ప్రణాళిక రాజధాని ప్రాంతంలో ఇంకా రూపుదిద్దుకోలేదు.

ఇక్కడ చెప్పుకుంటున్న పునరుద్ధరణ అంటే గోడలకు రంగులు వేసి, గచ్చు మార్చి, ముఖద్వారాన్ని అలంకరించడం కాదు. ఉన్న కట్టడాన్ని కూల్చకుండా, దానిలోని మనుషులకు ఇప్పుడున్న సౌకర్యాన్నో అంతకంటే మెరుగైన సౌకర్యాన్నో తక్కువ విద్యుత్తుతో అందించేలా మార్చడాన్ని ఇంధన పునరుద్ధరణ అంటారు. దీనికి రెండు అంచెలు ఉంటాయి. మొదటిది భవన కవచాన్ని, అంటే పైకప్పు, బయటి గోడలు, కిటికీలు, వాటి సందుల ద్వారా లోపలికి వేడి చొరబడే దారులను సరిచేయడం; రెండవది దీపాలు, పంకాలు, ఏసీలు, పంపులు, లిఫ్టుల వంటి యంత్రాలను మార్చడం. కవచాన్ని ముందు బాగుచేస్తే తర్వాత కొనాల్సిన ఏసీల పరిమాణమే తగ్గుతుంది కనుక ఇంజినీర్లు ఈ వరుసనే సిఫారసు చేస్తారు. ప్రభుత్వ కార్యాలయాల్లో జరుగుతున్నది చాలావరకు దీనికి తలకిందులు. రసీదు చూపించగల యంత్రాలు ముందు వస్తాయి. కప్పు, గోడ వంతు రానే రాదు.

ఎండకు ఎదురుపడ్డ శ్లాబు

భవన నిర్మాణ నియమావళులు దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించి ఢిల్లీని మిశ్రమ మండలంలో చేర్చాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పొడి వడగాడ్పు, జులై నుంచి సెప్టెంబరు వరకు ఉక్కపోత, డిసెంబరు, జనవరి నెలల్లో గట్టి చలి ఒకే కట్టడాన్ని వంతులవారీగా పరీక్షిస్తాయని ఆ పేరుకు అర్థం. విజయవాడలోనో చెన్నైలోనో ఉష్ణనిరోధక పొర వేసవి వేడిని ఆపడానికే పనికొస్తే, ఢిల్లీలో అదే పొర చలికాలంలో హీటర్ల వాడకాన్నీ తగ్గిస్తుంది కాబట్టి, దానిపై పెట్టిన ప్రతి రూపాయికీ ఇక్కడ రెండు పంటలు పండుతాయి. ఇంత అనుకూలమైన వాతావరణం ఉన్న నగరంలోనే ఆ పొర అత్యంత అరుదుగా కనిపించడం బాధ కలిగించే విషయం.

నిజానికి ఢిల్లీ మేస్త్రీలకు ఈ విద్య తెలియనిది కాదు. పాత ఢిల్లీ హవేలీలు మందపాటి గోడలతో, నడిమి వాకిలితో గాలిని తిప్పుకుంటే, లుట్యెన్స్ కాలపు బంగళాలు ఎత్తయిన కప్పులతో, లోతైన వరండాలతో ఎండను గడప బయటే నిలబెట్టాయి. స్వాతంత్ర్యం తరువాత కట్టిన క్వార్టర్లలో సైతం శ్లాబు మీద బంకమట్టిని గడ్డితో కలిపి మెత్తి, పైన ఇటుక పలకలు పరిచే మడ్ ఫస్కా అనే పద్ధతిని 1854 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, తన నిర్దేశాల్లో చేర్చుకుంది. రాయలసీమ మిద్దెల మీద చవుడు మట్టి పోసి ఎండనూ వాననూ ఆపిన పద్ధతికి ఇది ఉత్తరాది తోబుట్టువు. కాలక్రమంలో నీళ్లు ఊరకుండా తారుపొరలు, రసాయన పూతలు వచ్చి మట్టిపొర పక్కకు తప్పుకుంది. నీటిని ఆపే పని ఆ పూతలు చేశాయి గాని, వేడిని ఆపే బాధ్యత ఎవరికీ అప్పగించకుండానే పోయింది. గాజు ముఖాలతో లేచిన గురుగ్రామ్ కార్యాలయాలూ, ఎండకు తెరిచి ఉన్న పడమటి కిటికీలతో పెరిగిన నోయిడా అపార్ట్‌మెంట్లూ ఆ మరుపును మరింత పెంచాయి.

ఎంత వేడి లోపలికి వస్తుందో కొలవడానికి యూ విలువ అనే ప్రమాణాన్ని వాడతారు. కప్పుకు రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు వైశాల్యం గుండా ఎన్ని వాట్ల వేడి ప్రవహిస్తుందో ఆ సంఖ్య చెబుతుంది. నివాస భవనాల కోసం 2018 డిసెంబరులో వెలువడిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు యూ విలువ 1.2కు మించరాదని నిర్దేశించింది. ఏ పొరా లేని బోసి కాంక్రీటు శ్లాబు విలువ దానికి దాదాపు మూడు రెట్లు. అంటే సంహిత రాకముందు కట్టిన సాధారణ డాబా ఇల్లు, కొత్త ఇంటికి అనుమతించిన వేడికి మూడింతలు మోస్తూ, అదే మీటరు మీద, అదే యూనిట్ ధరకు నడుస్తోంది.

చట్టం చూపు కొత్త పునాదుల మీదే

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, క్లుప్తంగా బీఈఈ, ఏర్పడింది. వాణిజ్య భవనాల కోసం ఇంధన పొదుపు భవన నియమావళిని 2007లో విడుదల చేసి, 2017లో కట్టుదిట్టం చేశారు. 100 కిలోవాట్ల అనుసంధాన లోడు, లేదా 120 కేవీఏ ఒప్పంద గిరాకీ ఉన్న భవనాలను చట్టం పరిధిలోకి తేగా, 2022 సవరణ పెద్ద నివాస సముదాయాలనూ ఆ గొడుగు కిందికి చేర్చింది. ఇరవై ఏళ్ల ఈ ప్రయాణంలో నిర్మాణాత్మకమైన లోటు ఒకటుంది. నియమావళిని అమలు చేసే సందర్భం ఆచరణలో ప్లాను ఆమోదం, నివాసయోగ్యతా పత్రం అనే రెండు గుమ్మాల దగ్గరే వస్తుంది. పాత భవనం ఆ గుమ్మాలు దాటి దశాబ్దాలు గడిచిపోయాయి కాబట్టి, దాన్ని విస్తరించడానికో మార్చడానికో యజమాని తానుగా దరఖాస్తు చేసుకుంటే తప్ప ఏ అధికారీ దాని తలుపు తట్టడు.

పాత భవనాల కోసం ఉన్నది నక్షత్రాల పథకం. 2009లో మొదలైన ఈ పథకంలో, ఏడాదికి చదరపు మీటరు విస్తీర్ణానికి భవనం ఎన్ని యూనిట్లు వాడుతోందో లెక్కగట్టి ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తారు. ఇంధన పనితీరు సూచిక అని పిలిచే ఈ లెక్కకు కావలసింది పన్నెండు నెలల కరెంటు బిల్లులూ నేల విస్తీర్ణమే. ఇంత చవకైన కొలత స్వచ్ఛందంగా మిగిలిపోవడం వల్ల, బాగా పనిచేసే భవనాలే ముందుకొచ్చి నక్షత్రాలు తగిలించుకుంటాయి. దారుణంగా వృథా చేసేవి ఎన్నడూ లెక్కలోకి రావు. చికిత్స అవసరమైన భవనాలే కనిపించని పట్టికతో ఏ ప్రణాళికా మొదలు కాలేదు.

అధికారాల పంపకం ఈ లోటును మరింత లోతు చేసింది. నియమావళి విద్యుత్ మంత్రిత్వ శాఖది. కేంద్ర ప్రభుత్వ భవనాల నిర్వహణ గృహ, పట్టణ వ్యవహారాల శాఖ కింద ఉండే సీపీడబ్ల్యూడీది. దేశ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక పర్యావరణ శాఖది. ఢిల్లీలో భూమి ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే డీడీఏ, చేతిలో, విద్యుత్ ధరలు ఢిల్లీ నియంత్రణ మండలి చేతిలో ఉన్నాయి. గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలో హరియాణా నిబంధనలు, నోయిడా, గాజియాబాద్‌లలో ఉత్తరప్రదేశ్ నిబంధనలు నడుస్తాయి. ఈ ప్రాంతాన్నంతా ఒక్కటిగా చూడడానికి 1985 చట్టంతో జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి ఏర్పడింది గాని, రహదారులూ భూ వినియోగమూ దాని దృష్టిని ఆకర్షించినంతగా కట్టిన భవనాల విద్యుత్ ఆకలి ఆకర్షించలేదు.

ఆదా ఎవరి ఖాతాలో?

ప్రభుత్వం ప్రయత్నించలేదనడం అన్యాయమవుతుంది. బీఈఈ ఏర్పడిన తొలి ఏళ్లలోనే రాష్ట్రపతి భవన్, రైల్ భవన్, సంచార్ భవన్, విద్యుత్ శాఖ కొలువుండే శ్రమశక్తి భవన్, ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి వంటి చోట్ల ఇంధన తనిఖీలు జరిపించింది. తనిఖీ అంటే భవనంలో విద్యుత్తు ఎక్కడెక్కడ, ఎంతెంత ఖర్చవుతోందో యంత్రం యంత్రంగా కొలిచి, ఏ మార్పుకు ఎంత వ్యయమవుతుందో, ఎన్నేళ్లలో తిరిగొస్తుందో చెప్పే నివేదిక. ఆ తరువాత ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ సహా నాలుగు ప్రభుత్వ సంస్థలు కలిసి 2009లో స్థాపించిన ఇంధన సేవల సంస్థ ఈఈఎస్ఎల్, 2017 నుంచి భవనాల కార్యక్రమాన్ని చేపట్టి, ప్రభుత్వ కార్యాలయాల్లో ఎల్ఈడీ దీపాలు, తక్కువ విద్యుత్తుతో తిరిగే పంకాలు, మెరుగైన ఏసీలు బిగించింది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్లతో అదే గాలినిస్తుంది. రోజుకు పది గంటలు తిరిగే ఒక్కో పంకా మీద దాదాపు అర యూనిట్ మిగులుతుంది.

ఈ పనుల వెనుక ఉన్న ఆర్థిక సూత్రాన్ని ఎస్కో పద్ధతి అంటారు. ఇంధన సేవల సంస్థ తన డబ్బుతో యంత్రాలు బిగించి, తగ్గిన కరెంటు బిల్లులోంచి కొన్నేళ్లపాటు తన వాటా వసూలు చేసుకొని, గడువు తీరాక అంతా భవన యజమానికి అప్పగించి వెళ్లిపోతుంది. కాగితం మీద ఇంతకంటే న్యాయమైన ఒప్పందం ఉండదు. బ్యాంకుల భయం పోగొట్టడానికి పాక్షిక నష్ట హామీ నిధిని కూడా, 2010లో ఆమోదం పొందిన జాతీయ ఇంధన సామర్థ్య మిషన్ కింద ఏర్పాటు చేశారు. అయినా ఈ పద్ధతి దీపాలూ పంకాలూ ఏసీల దగ్గర ఆగిపోయి కప్పుల దాకా, కిటికీల దాకా రాలేకపోవడానికి కారణం సాంకేతికతలో లేదు, ప్రభుత్వ పద్దుల్లో ఉంది.

మంత్రిత్వ శాఖ కరెంటు బిల్లును కార్యాలయ ఖర్చుల పద్దు నుంచి చెల్లిస్తుంది. కప్పు మీద ఉష్ణనిరోధక పొర వేయించాలంటే అది మూలధన పని అవుతుంది, దానికి వేరే పద్దు, వేరే మంజూరు, వేరే శాఖ అనుమతి కావాలి. భవనాన్ని నిర్వహించే ఇంజినీరుకు బిల్లు తగ్గితే వచ్చే లాభం లేదు. బిల్లు కట్టే గుమాస్తాకు భవనాన్ని తాకే అధికారం లేదు. ఒకవేళ ఆదా జరిగినా, మిగిలిన సొమ్ము మార్చి నెలాఖరుకు ఖజానాలోకి వెనక్కి పోవడమే కాక, వచ్చే ఏడాది కేటాయింపు ఆ మేరకు తగ్గుతుంది. అంటే పొదుపు చేసిన కార్యాలయమే చివరకు నష్టపోతుంది. టెండర్లలో అతి తక్కువ ధర చెప్పినవారికే పని దక్కే పద్ధతి దీనికి తోడై, ఇరవై ఏళ్లు ఆదా చేసే మంచి కిటికీ కంటే ఇవాళ చవకగా వచ్చే నాసిరకం కిటికీని గెలిపిస్తోంది. ఏ నియమావళీ, ఏ మిషనూ ఈ ముడిని విప్పలేదు. ఆదాలో నిర్ణీత భాగాన్ని అదే భవనం మరమ్మతులకు కొన్నేళ్లపాటు అట్టేపెట్టుకోనిచ్చే ఒక్క ఆర్థిక ఉత్తర్వు, మరో పది మార్గదర్శకాల కంటే ఎక్కువ పని చేస్తుందని గట్టిగా చెప్పవచ్చు.

కూల్చి కట్టడం పునరుద్ధరణ కాదు

రాజధానిలో ప్రభుత్వం పాత భవనాల సమస్యకు ఎంచుకున్న పెద్ద జవాబు కూల్చివేత. కేంద్రం 2016లో ఆమోదించిన ప్రణాళిక ప్రకారం సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ సహా ఏడు ఉద్యోగుల కాలనీల్లో దాదాపు 13 వేల పాత క్వార్టర్ల స్థానంలో 25 వేలకు పైగా కొత్త ఇళ్లు తలపెట్టారు. 2018లో అక్కడి చెట్ల నరికివేతపై పౌరులు రోడ్డెక్కగా ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలిపివేసింది. 2025 ఆగస్టు 6న ప్రారంభమైన కర్తవ్య భవన్-3, శాస్త్రి భవన్, కృషి భవన్, ఉద్యోగ్ భవన్, నిర్మాణ్ భవన్‌ల నుంచి శాఖలను తరలించే ఉమ్మడి సచివాలయంలో మొదటిది. సాధారణ భవనం కంటే 30 శాతం తక్కువ విద్యుత్తు వాడేలా దాన్ని రూపొందించినట్లు ప్రభుత్వం చెబుతోంది. జోర్ బాగ్‌లో 2014లో ప్రారంభమైన ఇందిరా పర్యావరణ్ భవన్ ఏడాదిలో తాను వాడే విద్యుత్తును తన సౌర ఫలకాల నుంచే పొందే లక్ష్యంతో కట్టింది కనుక, సీపీడబ్ల్యూడీ ఇంజినీర్ల నైపుణ్యంపై ఎవరికీ సందేహం అక్కర్లేదు.

అయితే లెక్క అక్కడితో ముగియదు. సిమెంటు, ఉక్కు, ఇటుక, గాజు తయారీకీ రవాణాకూ ఖర్చయిన శక్తి, కట్టడం నిలబడి ఉన్నంతకాలం దానిలో దాగి ఉంటుంది. దీన్ని నిక్షిప్త శక్తి అంటారు. పాతదాన్ని కూల్చినప్పుడు ఆ పెట్టుబడి శిథిలంగా మారుతుంది, కొత్తదానికి మళ్లీ మొదటినుంచి ఖర్చు పెట్టాలి. కొత్త భవనం ఏటా చేసే ఆదా ఈ అప్పును తీర్చడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. కూల్చివేతకు ముందు, అదే భవనాన్ని పునరుద్ధరిస్తే ఎంత ఖర్చవుతుందో, ఎంత మిగులుతుందో చెప్పే తులనాత్మక లెక్కను ప్రజల ముందు ఉంచడం తప్పనిసరి చేయాలి. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం తన 6,514 కిటికీలను 2009 తరువాత అదే భవనంలో ఏర్పాటు చేసిన కార్ఖానాలో విప్పి, అదనపు పొరలు చేర్చి తిరిగి బిగించుకొని, ఇతర మార్పులతో కలిపి విద్యుత్, ఇంధన వాడకాన్ని దాదాపు 38 శాతం తగ్గించుకుంది. 1931 నాటి ఆకాశహర్మ్యానికి సాధ్యమైనది, ఏడంతస్తుల శాస్త్రి భవన్ వంటి కట్టడానికి సాధ్యమా కాదా అన్న ప్రశ్న బహిరంగంగా తూకం వేయదగినది. 2024లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచుకున్న అశోకా రోడ్డు ఆంధ్రా భవన్ ప్రాంగణంలో ఇకముందు చేపట్టే పనులకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ఐరోపా సమాఖ్య ఈ విషయంలో చూపిన దారి గమనించదగినది. ప్రభుత్వ భవనాల విస్తీర్ణంలో ఏటా 3 శాతాన్ని పునరుద్ధరించాలన్న బాధ్యతను అది 2012లో కేంద్ర ప్రభుత్వాలకు పరిమితంగా విధించి, 2023లో అన్ని ప్రభుత్వ సంస్థలకూ విస్తరించింది. నివాసేతర భవనాల్లో అధ్వానంగా ఉన్న 16 శాతాన్ని 2030 నాటికి, 26 శాతాన్ని 2033 నాటికి బాగుచేయాలని 2024 ఆదేశం చెబుతోంది; సభ్యదేశాలన్నీ జాతీయ పునరుద్ధరణ ప్రణాళికలు సమర్పించాలి. అక్కడి చలికి పుట్టిన మందపాటి పొరలనూ, గది మొత్తాన్ని బిగించేసే తలుపులనూ ఢిల్లీకి తెచ్చుకోవాలని దీనర్థం కాదు. తెచ్చుకోవలసింది ఏటా ఇంత శాతం అన్న బాధ్యతను, అధ్వాన భవనంతో మొదలుపెట్టే క్రమాన్ని.

పై అంతస్తు మనుషులు

పునరుద్ధరణ చర్చ సచివాలయాల దగ్గరే ఆగితే అసలు బాధితులు కనబడరు. ఢిల్లీలో అత్యంత వేడిని భరించేది పై అంతస్తులో అద్దెకుండేవారు, రేకుల కప్పు కింద బతికే బస్తీవాసులు, ఒకటి రెండు అంతస్తుల ప్రభుత్వ బడుల్లోని పిల్లలు. బహుళ అంతస్తుల కార్యాలయంలో కప్పు వాటా తక్కువ కాబట్టి కిటికీల నీడ, ఏసీల సామర్థ్యం ముఖ్యమవుతాయి. బడిలో, డిస్పెన్సరీలో, పోలీసు ఠాణాలో కప్పే సర్వస్వం. అద్దె ఇళ్లలో మరో చిక్కు ఉంది. కప్పు బాగుచేయడానికి ఖర్చు పెట్టాల్సింది యజమాని, తగ్గే బిల్లు కిరాయిదారుది. అందుచేత ఇద్దరూ కదలరు. పాత ఏసీని ఇచ్చి కొత్త ఐదు నక్షత్రాల ఏసీని రాయితీపై కొనుక్కునే పథకాలను ఢిల్లీ పంపిణీ సంస్థలు నడుపుతున్నాయి. ఇవి ఉపయోగకరమే గాని, ఏసీ కొనగలిగినవారికే చేరతాయి.

తెలుగు నేల నుంచి ఢిల్లీ నేర్చుకోదగిన పాఠం ఇక్కడే ఉంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో తక్కువ ఆదాయ కుటుంబాల ఇళ్ల మీద, ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచి, లోపలి ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీల మేర తగ్గినట్లు పరిశోధకులు కొలిచారు. ఆ అనుభవం మీద నిలబడి తెలంగాణ 2023 ఏప్రిల్‌లో దేశంలో తొలిసారిగా శీతల పైకప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. లక్ష్యం పెద్దది, అమలు దాన్ని అందుకోవలసి ఉంది; అయినా చదరపు కిలోమీటర్లలో చెప్పిన లక్ష్యాన్ని ఎవరైనా కొలవవచ్చు, నిలదీయవచ్చు. ఢిల్లీ 2025 వేడి కార్యాచరణ ప్రణాళికలో శీతల కప్పుల ప్రస్తావన తెచ్చింది, 2023 సౌర విధానం 500 చదరపు మీటర్లు దాటిన ప్రభుత్వ భవనాలపై సౌర ఫలకాలను తప్పనిసరి చేసింది. నిచ్చెనలూ పరంజాలూ ఎలాగూ ఎక్కుతున్నప్పుడు, ఫలకాలు బిగించే టెండరులోనే వాటి కింది కప్పుకు ఉష్ణనిరోధక పొరను కూడా చేర్చడం తేలికైన పని. ఫలకాలు బిగిశాక పొర వేయడం మాత్రం అంత తేలిక కాదు.

రాజధానిలో ఏ పునరుద్ధరణ ప్రణాళికైనా కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి కాలుష్యం ముదిరిన శీతాకాలంలో దశలవారీ చర్యల ప్రణాళిక కింద నిర్మాణ, కూల్చివేత పనులు పదేపదే నిలిచిపోతాయి. జులై నుంచి సెప్టెంబరు వరకు వాన కప్పుల పనిని సాగనివ్వదు. మే, జూన్ ఎండలో కూలీలను శ్లాబు మీద నిలబెట్టడం అమానుషం. కప్పుల మీద పని సక్రమంగా చేయగలిగిన రోజులు ప్రధానంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే దొరుకుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, మంజూరైన నిధులు మురిగిపోతాయి. కాబట్టి కప్పుల పద్దును ఒక ఏడాదికి కాకుండా కనీసం మూడేళ్లకు మంజూరు చేసి, అక్టోబరులో బడులూ డిస్పెన్సరీల జాబితాను వాటి యూనిట్ల లెక్కతో సహా ప్రకటించి, జనవరికల్లా టెండర్లు ముగించి, మార్చి చివరికి పొరలు పరిస్తే, జూన్ మీటరు రీడింగు వచ్చేనాటికి ఏ కప్పు ఎంత పనిచేసిందో బిల్లులోనే తెలుస్తుంది.